తొమ్మిది శుక్రవారాలు

మొన్నీమధ్య పోచంపల్లిలో మా చెల్లెలిని చూసి వద్దామని నల్గొండలో భువనగిరి బస్సెక్కాను. రామన్నపేటలో ఒక ఆడపిల్ల ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒంటిమీద నీలం రంగు ఆటల బట్టలు, ఒళ్ళో వలసంచి, అందులో పెద్ద బంతి. ఇంటి దగ్గర ఉప్పూ కారం చల్లి తెచ్చుకున్న జామకాయ ముక్కలు ఆ పిల్ల ముందు పెడితే నవ్వుతూ వద్దంది. మధ్యాహ్నం మ్యాచ్ ఉందట, కోచ్ రాసిచ్చిందే తినాలట. వలిగొండ దాటాక ఫోనులో టైము చూసుకుని, డబ్బా తెరిచి, రెండు ఉడికించిన గుడ్లూ ఒక అరటిపండూ మందు మింగినంత శ్రద్ధగా తిని, మూతి తుడుచుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల తింటున్నంతసేపూ నేను లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను. ఆటకు ముందు తినకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూసినదాన్ని, ఆ తినకపోవడాన్ని నెత్తిన వేసుకుని మోసినదాన్ని కూడా. నా ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది దేవరకొండ దిక్కు, గొర్రెలు కాచుకునే ఇల్లు. వరుసగా వానలు మొఖం చాటేసిన ఏళ్ళలో మంద చేయి జారిపోయి, మా ఆయన నల్గొండలో బియ్యం మిల్లులో పనికి కుదిరాడు, నేను ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో వంటకు కుదిరాను. తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా అన్న బిడ్డ కూడా అదే కాలేజీలో డిగ్రీకి వచ్చి అదే హాస్టల్లో చేరింది. దానికి నేను మేనత్తను గనుక అది అత్తా అని పిలిచేది; అది పిలిచిందని హాస్టల్ మొత్తం నన్ను అత్తనే చేసింది. అక్షరాలు నాకు ఆ పిల్లల దగ్గరే వచ్చాయి, నలభై ఎనిమిదో ఏట. చారు మరిగేలోపు ఒక అక్షరం, అన్నం ఉడికేలోపు ఒక అక్షరం, పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో రాయించి దిద్దించారు. మరుసటి ఏడాదికల్లా నోటీసు బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుని చదవగలిగేదాన్ని, చదివి వంటింట్లో అందరికంటే ముందు వార్త చెప్పేదాన్ని.

మా మేనకోడలు బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్. పొట్టి పిల్ల, పదో తరగతి దాకా మంద వెంట గుట్టలెక్కి దిగిన పిల్ల. జట్టులో మిగతావాళ్ళూ అటువంటివాళ్ళే. ఒకరింట్లో బర్రెలు, ఒకరింట్లో రెండెకరాల పత్తి చేను, మునుగోడు పిల్ల ఒకతి, మిర్యాలగూడ దిక్కు పిల్ల ఒకతి. కాలేజీ వెనక ఉన్న కోర్టులో సిమెంటు పగిలి గడ్డి మొలిచేది. రింగుకు వల ఎప్పుడో ఊడిపోతే, మా అన్న దగ్గర మంద కట్టే పాత వల ముక్క ఒకటి తెచ్చి మా పిల్లే నిచ్చెనెక్కి కట్టింది. చూసేవాళ్ళకు అది నవ్వులాట. ఆ పిల్లలకు మాత్రం రోజుకొక గంట అక్కడే గడిచేది. పెద్దయిన ఆడపిల్ల పరుగెత్తుతుంటే ఎందుకు పరుగెత్తుతున్నావని అడగని జాగా ఊరు మొత్తం మీద అదొక్కటే మరి.

అయితే జట్టు గెలిచింది ఎప్పుడూ లేదు. మా మేనకోడలు మూడో ఏటికి వచ్చేసరికి రెండేళ్ళు వరుసగా కాలేజీల పోటీకి పోయి మొదటి మ్యాచ్‌లోనే ఓడి వచ్చారు, రెండుసార్లూ పట్నం కాలేజీ ఒకదాని చేతిలోనే. ఒకసారి పన్నెండు పాయింట్లు చేశారు, అవతలివాళ్ళు ఎన్ని చేశారో చెప్పడానికి కూడా వాళ్ళకు సిగ్గయింది. మూడో ఏడు దసరా సెలవులయిన వారానికి నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టారు. ఈసారి కూడా మొదటి మ్యాచ్‌లో ఓడితే వచ్చే ఏటి నుంచి జట్టు ఉండదని, కోర్టున్న జాగాలో బండ్లు నిలుపుకోవడానికి రేకుల షెడ్డు వేస్తారని ప్రిన్సిపాల్ సారు సంతకంతో ఉంది. నేనే మొదట చదివాను, తప్పు చదివానేమోనని రెండుసార్లు చదివాను. ప్రిన్సిపాల్ సారు చెడ్డవాడు కాదు. ఆడపిల్లలు స్కూటీల మీద రావడం అప్పుడప్పుడే ఎక్కువవుతోంది, ఎండకు సీట్లు పగులుతున్నాయని రోజూ ఆయన దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళున్నారు, ఓడే జట్టు తరఫున అడిగేవాళ్ళెవరూ లేరు.

నాలుగు రోజులకు పోటీ కాగితం వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఆట, మొదటి మ్యాచ్ మళ్ళీ ఆ పట్నం కాలేజీతోనే. ఆ పూట పిల్లలెవరూ సరిగా అన్నం ముట్టలేదు. గేటు దగ్గర కాపలా ఉండే ఆయన, నన్ను చెల్లె అని పిలిచేవాడు, ఊరుకోక వంటింటి గడప మీద కూర్చుని మా పిల్లను కదిలించాడు.

“పోయినేడు పన్నెండు గదా బిడ్డా, గీ సారన్న పదిహేను దాటుతరా?”

“దాటుడు గాదు కాకా, గెలిచే వస్తం. నువ్వు గేటు తెరిచి పెట్టు.”

“గేటుదేముంది, షెడ్డు ఏసెటోళ్ళకు గూడ నేనే తెరవాలె,” అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వినందుకు మా పిల్ల ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది. దాని పట్టుదల అటువంటిది. కోపం వస్తే దానికి ఆకలి పెరుగుతుంది.

ఆటల మేడం మాత్రం చాలా నిదానంగా లెక్క వేసింది. పదిసార్లు ఆడితే తొమ్మిదిసార్లు వాళ్ళే గెలుస్తారు, ఆ మిగిలిన ఒక్కసారి ఇదే కావచ్చు గదా అంది. పట్నం పిల్లలు పొడుగు, రింగు కింద వాళ్ళతో గెలవలేం. కానీ వాళ్ళు నీడపట్టున చెక్క నేల మీద ఆడే అలవాటున్నవాళ్ళు. మహబూబ్‌నగర్‌లో ఆట బయట, ఎండలో. మొదటి సగంలో ఎక్కువ దూరం వెనకబడకుండా పట్టుకుని ఉంటే, రెండో సగంలో వాళ్ళ కాళ్ళు బరువెక్కుతాయి, అప్పుడు మనం పరుగెత్తించాలి అని చెప్పింది. మా ఆశ మొత్తం పరుగు మీదనే. నెల రోజులు పొద్దు పొడవకముందే పిల్లలు లతీఫ్ సాబ్ గుట్ట మెట్లెక్కి దిగారు. వాళ్ళు వచ్చేసరికి నేను జొన్నరొట్టెలు, పల్లీలు బెల్లం కలిపి దంచిన ముద్దలు సిద్ధం చేసేదాన్ని. వార్డెనమ్మ సరుకు ఎక్కువ అవుతోందని గొణిగినా నేను వినిపించుకోలేదు. మందను దూరం తోలుకుపోయే ముందు నెల రోజులు కడుపు నిండా మేపుతారు, అది నేను పుట్టిన ఇంట్లో చూసిన సంగతే.

ఆడపిల్లల వెంట మేడం కాక ఇంకొక ఆడమనిషి పోవాలన్నారు గనుక నన్ను పంపారు. పదిమంది పిల్లలు, మేడం, నేను. దేవరకొండ, డిండి మీదుగా బస్సు పోతుంటే మధ్యలో ఒక చెరువు కట్ట మీద మైసమ్మ గుడి వచ్చింది. కట్ట మైసమ్మకు దండం పెట్టకుండా ఆ తోవన పోయే డ్రైవరు ఉండడు. బస్సు ఒక్క నిమిషం ఆగింది. పిల్లలందరూ కిటికీల వైపు తిరిగి కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నారు, పెదవులు కదులుతున్నాయి. నేనూ పెట్టుకున్నాను, ఆట సంగతి మేడం చూసుకుంటుందిలే అనుకుని నా మోకాళ్ళ నొప్పి సంగతి అమ్మవారికి చెప్పుకున్నాను. పిల్లలేం మొక్కుకున్నారని నేను అడగలేదు, మొక్కు బయటికి చెబితే పలచనవుతుందని మా దిక్కు నమ్మకం గనుక అడగకూడదు కూడా. ఆ అడగకపోవడమే మా మీదికి తెచ్చింది.

మహబూబ్‌నగర్‌లో ఒక బడి గదుల్లో మాకు బస. తెల్లారి పోటీ జరిపేవాళ్ళు పొట్లాల్లో ఇడ్లీలు పంపారు. నేనూ మేడమూ పేర్లు రాయించే బల్ల దగ్గర వరుసలో నిలబడవలసి వచ్చింది, పదిమంది కార్డులూ ఫొటోలూ పట్టుకుని. తిరిగి వచ్చి తిన్నారా అంటే పదిమందీ తిన్నామన్నారు. పొట్లాలు ఖాళీగా ఉన్నాయి, నమ్మాను. నెల రోజులు చేత్తో పెట్టి తినిపించినదాన్ని ఆ ఒక్క పూటా కళ్ళతో చూడలేదు.

మ్యాచ్ పదకొండింటికి. పట్నం పిల్లలు చల్లటి పెద్ద బస్సులో దిగారు, పన్నెండు మందికీ ఒకే రకం బూట్లు. నా చేతిలో స్టీలు డబ్బాల సంచి చూసి వాళ్ళలో పొడుగాటి పిల్ల ఒకతి మా పిల్ల వైపు తిరిగి నవ్వింది.

“ఇన్ని డబ్బాలేంది, పిక్నిక్ అనుకొని వచ్చిన్రా?”

“ఔ మరి,” అంది మా మేనకోడలు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, “మీతోని ఆడుడంటే మాకు పిక్నికే.”

మాట అయితే బాగానే అంది గానీ ఆట మొదలయ్యాక కాళ్ళు ఆ మాట వినలేదు. గుట్ట మెట్లను లేళ్ళలా ఎక్కిన పిల్లలు నాలుగు అడుగులు వేసి ఆగిపోతున్నారు. బంతి చేతికొస్తుంది, జారిపోతుంది. మునుగోడు పిల్ల రింగు కింద ఒంటరిగా ఉండి కూడా బంతిని రింగు దాకా పంపలేకపోయింది. మేడం గొంతు చించుకుని పరుగెత్తండి పరుగెత్తండి అంటోంది, పిల్లలు మేడం వైపు చూస్తున్నారు గానీ ఆమె మాట చెవిన పడుతున్నట్టు లేదు. సగం ఆట అయ్యేసరికి వాళ్ళవి ముప్ఫై, మావి పదమూడు. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి టీకి పోయారు, చూడవలసిందేమీ లేదన్నట్టు.

నాకు మాత్రం వేరే అనుమానం పుట్టింది. మా నాయిన సాయంత్రం మంద దొడ్డికి వచ్చే వేళ నిలబడి ఒక్కొక్క గొర్రె ఎడమ డొక్కను చూసేవాడు. డొక్క లోపలికి పోయి ఉంటే అది ఆ పూట మేయలేదని అర్థం, ఎంత మందలోనైనా వేలు పెట్టి చూపించేవాడు. పది నిమిషాల విరామానికి చెట్టు కిందికి వచ్చి కూలబడిన పిల్లలను చూస్తే నాకు మా నాయిన గుర్తుకొచ్చాడు. పెదవులు తెల్లగా అట్టలు కట్టి ఉన్నాయి, కళ్ళు లోపలికి పోయాయి. నీళ్ళు ఇస్తే నోరు తడుపుకుని ఉమ్మేస్తున్నారు. నేను మా పిల్ల గదవ పట్టి మొఖం పైకెత్తి అడిగాను.

“నిజం చెప్పు. పొద్దుగాల ఏం తిన్నవే?”

అది నేల చూపులు చూసింది. “ఒక్కపొద్దున్న అత్తా. గెలిపియ్యుమని మైసమ్మకు మొక్కిన.”

“నువ్వు గూడనా?” అంది పక్కనున్న మునుగోడు పిల్ల.

“గూడ అంటే? నువ్వు?”

ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ కట్ట మీద బస్సాగిన నిమిషంలో ఎవరికి వారు, పక్కవాళ్ళకు తెలియకుండా, ఆట ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని మొక్కుకున్నారు. పదిమందిలో తొమ్మిదిమంది. ప్రతి పిల్లా తానొక్కతే అనుకుని, తన పొట్లం ఎవరికీ అనుమానం రాకుండా పక్కకు జరిపింది. అలా జరిగి జరిగి ఇడ్లీలన్నీ ఎక్కడికి చేరాయో అందరికీ ఒకేసారి తట్టినట్టుంది, తొమ్మిదిమందీ మిర్యాలగూడ పిల్ల వైపు తిరిగారు. మొక్కనిది ఆ పిల్ల ఒక్కతే, అంతదాకా ఆట దొరకక బెంచీ మీద కూర్చున్నదీ ఆ పిల్లే. దానికి ఏడుపొక్కటే తక్కువ.

“ఆకలైతలేదన్నరు గదనే మీరే! పారేస్తే పాపమని తిన్న!”

నవ్వవలసిన చోటే గానీ నవ్వే టైము కాదు. ఆటల మేడం తల పట్టుకుంది, నా ప్లానంతా పరుగు మీద పెడితే మీరు ఉపాసముంటరా అని గట్టిగా కేకలేసింది, అరటిపండ్లు ఒలిచి చేతుల్లో పెట్టింది. ఒక్కరూ నోట పెట్టుకోలేదు. మొండితనం కాదది, భయం. తింటే మైసమ్మ ఊకుంటదా మేడం, ఓడితే మావల్లనే అయితది, కోర్టు పోతది అని ఒక పిల్ల పండు వెనక్కి ఇచ్చేస్తూ అంది. ఇంత చదువుకున్న పిల్లలు గిట్ల చేస్తరా అని మేడం అంటోంది. నాకు మాత్రం అప్పుడు వాళ్ళ చదువు గుర్తు రాలేదు. పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ పిల్లలు, తమకంటే పెద్దవాళ్ళతో తలపడడానికి పోతూ చేతిలో ఉన్నదేదో అమ్మవారికి ఇవ్వజూపారు. వాళ్ళ చేతిలో ఉన్నది ఒక పూట అన్నమే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మా నాయినను పొట్టేలు కుమ్మి మంచాన పడేసినప్పుడు మా అవ్వ జాతరకు చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మొక్కింది, ఆయన లేచేసరికి ఆమె కాళ్ళు పడిపోయాయి. అప్పుడు మా అమ్మ కొంగున అవ్వ చేత ఒక ముడి వేయించుకుని, ఆ మొక్కు తనదని చెప్పి, తాను నడిచి వచ్చింది. మొక్కినవాళ్ళకు చేతకాకపోతే ఇంట్లోవాళ్ళొకరు దాన్ని నెత్తిన వేసుకోవచ్చు, మాట తప్పినట్టు కాదు. పిల్లలకు ఆ సంగతి తెలుసు, వాళ్ళ ఇళ్ళల్లోనూ అదే ఉంది. నేను కొంగు ముందుకు చాపాను.

“మొక్కు ఇడిసిపెట్టుమంటలేనే. నాకియ్యుమంటున్న. ముడెయ్యుండ్రి.”

మా మేనకోడలు నా మొఖంలోకి చూసింది. “పొద్దు ఎనిమిది దాటితే ఆకలికి ఓర్వవు నువ్వు. తొమ్మిది ఒక్కపొద్దులెట్లుంటవే అత్తా?”

“గది నాకూ మైసమ్మకూ ఉన్న పంచాతి. నువ్వు ముడెయ్యి.”

అది వేసింది, వేసి అరటిపండు అందుకుంది. మునుగోడు పిల్ల మాత్రం వెనక్కే నిలబడింది. మంచి పిల్ల, అన్నిటికీ నియమం చూసే పిల్ల. “నువ్వు దానికి మేనత్తవు. ఇంటిదానివి. మాకేమైతవు?” అని అడిగింది, మర్యాద తప్పి కాదు, నిజంగా తెలుసుకోవాలని.

“మూడేండ్ల సంది నా చేతి బువ్వ తింటున్నవు,” అన్నాను, “ఏమైతనో నీకెరుక లేదా బిడ్డా?”

ఆ పిల్ల ముందుకొచ్చి కొంగు అందుకుంది. ఆ తర్వాత ఎవరినీ బతిమాలవలసిన పని పడలేదు, ఒకరి వెనక ఒకరు వచ్చి ముడి వేసి పండు అందుకున్నారు. తొమ్మిదో ముడి పడేలోపు రెఫరీ ఈల ఊదాడు. ఎక్కువ తింటే కడుపులో పట్టేస్తుందని మేడం ఒక్కొక్కరికి సగం పండు, ఒక పల్లీ ముద్ద, నిమ్మకాయ పిండిన బెల్లం నీళ్ళు మాత్రమే ఇవ్వనిచ్చింది. ఆ నీళ్ళు తాగేటప్పుడు వాళ్ళ గొంతులు కదిలిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

రెండో సగం మొదలయ్యేటప్పుడు మేడం మొదట లేపింది మిర్యాలగూడ పిల్లను. కడుపు నిండా తిన్నదానివి నువ్వొక్కతివే గదా, మిగతావాళ్ళకు సత్తువ వచ్చేదాకా నువ్వే పరుగెత్తు అంది. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేకపోయినా తప్పు దిద్దుకుంటున్నట్టు పరుగెత్తింది. అవతలివాళ్ళు గెలిచామనే ధీమాతో మంచి ఆటగత్తెలను బెంచీ మీద కూర్చోబెట్టి చిన్నవాళ్ళను దింపారు. మావాళ్ళు ఒక్కొక్క బంతీ గుంజుకోవడం మొదలుపెట్టారు. నాలుగు భాగాల ఆటలో మూడో భాగం ముగిసేసరికి వెనకబాటు పదిహేడు నుంచి ఎనిమిదికి దిగింది. టీకి పోయినవాళ్ళు గ్లాసులతోనే తిరిగి వచ్చారు.

చివరి భాగంలో వాళ్ళు పెద్దవాళ్ళందరినీ మళ్ళీ దింపారు. కానీ అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది, సిమెంటు సెగ కక్కుతోంది, చాలాసేపు కూర్చుని లేచిన వాళ్ళ కాళ్ళు కదలనంటున్నాయి. మావాళ్ళకు మాత్రం బెల్లం ఒంటబట్టినట్టుంది. మా మేనకోడలు ఆ పొడుగాటి పిల్ల చేతుల కింది నుంచి ఎటు దూరుతుందో ఎటు తేలుతుందో నాకే తెలియలేదు. చెదిరిన మందను మళ్ళేసేటప్పుడు అది చిన్నప్పుడు ఇట్లాగే వంగి, పక్కకు కోసుకుని, ముందుకు తేలేది. నలభై ఒకటి, నలభై ఒకటి అయినప్పుడు నాకు అంకెల బోర్డు మీద నమ్మకం కుదరక పక్కనున్న ఎవరో అబ్బాయిని అడిగి నిజమేనని తెలుసుకున్నాను. నేను రెండు చేతులతో కొంగు పట్టుకుని నిలబడ్డాను. గెలిపించమని అడగలేదు, ఎట్లాగైనా ఉంటాను తల్లీ ఒక్కపొద్దులు, ఓడినా ఉంటాను, ఈ పిల్లలు తాము తిన్నందుకు ఓడామనుకోకుండా చూడు అని మాత్రం అనుకున్నాను.

అరనిమిషం ఉందనగా మావి నలభై అయిదు, వాళ్ళవి నలభై మూడు. బంతి మా పిల్ల చేతిలో ఉంది, ఇద్దరు కమ్ముకున్నారు, ఒకతి మా పిల్లను కింద పడేలా తోసేసింది. మోచేయి దోక్కుపోయినా లేచింది. తోసినందుకు ఎవరూ అడ్డం రాకుండా రెండుసార్లు బంతి వేసే వీలు మా పిల్లకిచ్చారు. మొదటిది రింగు తగిలి బయటికి పోయింది. రెండోది రింగు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి లోపల పడింది. నలభై ఆరు, నలభై మూడు. పట్నం వాళ్ళు వేసిన చివరి బంతి రింగును కూడా ముట్టలేదు. మేడం ఎగిరి నన్ను కౌగలించుకుంది, ఆమె అంత బరువుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం రెండో మ్యాచ్‌లో మహబూబ్‌నగర్ పిల్లల చేతిలో చిత్తుగా ఓడాం, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అప్పటికి మావాళ్ళ కాళ్ళలో ఏమీ మిగల్లేదు. ఎవరికీ బాధ కలగలేదు. కాగితంలో ఉన్నది మొదటి మ్యాచ్ మాట మాత్రమే. నల్గొండ చేరాక ప్రిన్సిపాల్ సారు పిల్లలను పిలిచి, షెడ్డుకు ముందరి వైపు గోడ పక్కన జాగా చూద్దాంలే అని పొడిగా అన్నాడు. మరునాడు కాగితం పీకేశారు. గేటు దగ్గరి కాకా ఆ రోజు రెండు తలుపులూ బార్లా తెరిచి పెట్టాడు.

ఇక నా శుక్రవారాలు, ఒక్కొక్క పిల్ల మొక్కుకు ఒకటి చొప్పున, అమ్మవారి వారం నాడు. తొమ్మిది ముళ్ళున్న ఆ చీరను విడిగా దాచుకుని, శుక్రవారం శుక్రవారం కట్టుకుని, పొద్దు గూకేదాకా ఏమీ ముట్టకుండా రెండు వందల మందికి వండేదాన్ని. పులుసు పోపు వాసనకు కడుపులో పేగులు అరిచేవి. మొదటి శుక్రవారం ఉప్పు చూడకుండా పప్పు వండితే పిల్లలు కిక్కురుమనకుండా తిన్నారు, తర్వాత ఉప్పు చూసే పని మునుగోడు పిల్ల తీసుకుంది. సాయంత్రం దీపం పెట్టాక ఎవరి మొక్కయితే వాళ్ళు వచ్చి తమ ముడి విప్పి, నాకు పళ్ళెం పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేవాళ్ళు. వండి పెట్టడమే తప్ప, ఒకరు వడ్డిస్తే కూర్చుని తినడం నాకు పెళ్ళయిన తర్వాత మళ్ళీ ఆ శుక్రవారాల్లోనే తెలిసింది. నడుమ సంక్రాంతి సెలవులు, నాకు వదలని జ్వరం, ఒక గ్రహణం, పిల్లల పరీక్షలు అడ్డం పడి లెక్క సాగుతూ పోయింది. తొమ్మిదో శుక్రవారం నాటికి పరీక్షలయిపోయి, హాస్టల్ పిల్లలందరూ పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు పోయారు. చివరిది మా మేనకోడలి ముడి. దానికి ఊళ్ళో బోనాలు, రాలేకపోయింది.

ఆ రోజు కాపలా అన్న వంటింటి గడప మీద కూర్చుని నా మీద జాలిపడ్డాడు. “గెలిచిన్రు, పోయిన్రు. ఇంకెవరు చూడొచ్చిన్రు చెల్లె, తినరాదూ.”

“మాటిచ్చింది పిల్లలకు అన్నా,” అన్నాను. “వాళ్ళు లేకుంటే మాట లేకుండ పోతదా?”

పొద్దు గూకాక ముడి నేనే విప్పుకుని, అన్నం నేనే వడ్డించుకుని, ఆ పెద్ద హాల్లో ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. కిందటి వారం దాకా ఎదురుగా కూర్చుని తిను అత్తా, ఇంకొంచెం తిను అత్తా అని గదమాయించిన నోళ్ళు లేని హాలు ఎంత పెద్దదో ఆ పూట తెలిసింది.

ఇప్పుడు మా మేనకోడలు నాగర్‌కర్నూల్ దిక్కు ఒక బడిలో ఆటల టీచరు. మ్యాచ్ ఉన్న రోజు తన పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ప్రతి ఒక్కరూ మింగేదాకా ఎదురుగా నిలబడుతుందట, ఎవరి పొట్లం ఎవరికి జరుగుతోందో కళ్ళతో చూస్తుందట. కాలేజీ కోర్టుకు కొత్త సిమెంటు పోశారు. హాస్టల్ గోడకు ఏ పూట ఏం తినాలో అచ్చు వేసిన కాగితం అంటించారు, మొన్న పోయినప్పుడు నిలబడి మొత్తం చదివాను, అన్నీ మంచి మాటలే. మొక్కుకుని పస్తుండే పిల్ల ఒక్కతీ లేదు, ఉండకూడదు కూడా. ఒకటే అనిపించింది. ఈ పిల్లలకూ భయాలుంటాయి, పెద్దవాళ్ళతో తలపడవలసిన రోజులు వీళ్ళకూ వస్తాయి. ఆ రోజు వెళ్ళి ఎవరి కొంగు అందుకుంటారు? నేను పని మానేశాక మెస్సు కాంట్రాక్టుకు ఇచ్చేశారు, వండేవాళ్ళు రెండు మూడు నెలలకొకరు మారుతున్నారు. మూడేళ్ళు ఒకే చేతి బువ్వ తిన్న పిల్ల ఆ హాస్టల్లో ఇప్పుడు ఒక్కతీ లేదు.